పండుగకి గుడ్డు, పాలు, గోధుమ లేని కేక్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పండుగ భోజనానికి కూర్చునేవాళ్లలో ఒకరికి గోధుమ పడదు, ఇంకొకరు పాలు, గుడ్డు ముట్టరు. చాలా ఏళ్లు వాళ్లిద్దరి ముందూ పండ్ల ముక్కల పళ్లెం పెట్టి, మిగతావాళ్లం కేక్ తినేవాళ్లం. వాళ్లు ఏమీ అనుకోలేదంటారు గానీ, ఆ పళ్లెం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందరికీ ఒకే కేక్ చేద్దామని మొదలుపెట్టాక పాడుచేసినవి చాలానే ఉన్నాయి. చివరికి ఒకటి కుదిరింది. దాని గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

వీగన్ అన్నా, గ్లూటెన్ ఫ్రీ అన్నా ఒకటే కదా?

కాదు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి. వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చేది ఏదీ ఉండకూడదు. గుడ్డు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె, జెలటిన్ అన్నీ పక్కన పెట్టాల్సిందే. 1944లో బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టినప్పుడు పుట్టిన మాట అది.

గ్లూటెన్ సంగతి వేరు. అది గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ప్రోటీన్. మైదా కూడా గోధుమే అన్న విషయం చాలామందికి ఆ క్షణంలో తట్టదు. కాబట్టి మైదాతో చేసిన గుడ్డు లేని కేక్ వీగన్ కావచ్చు, గ్లూటెన్ పడనివాళ్లు మాత్రం తినకూడదు. బాదం పొడి, గుడ్లతో చేసిన కేక్‌లో గ్లూటెన్ ఉండదు, వీగన్లు దాన్ని ముట్టరు. ఇక "ఎగ్‌లెస్" అని రాసి ఉందని సంబరపడకండి, అందులో పాలో వెన్నో దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ఇవన్నీ తీసేస్తే కేక్ ఎలా నిలబడుతుంది?

అసలు ప్రశ్న ఇదే. ఇది అర్థమైతే కొలతలు మర్చిపోయినా ఏదో ఒకటి చేసుకోగలరు.

మైదాకి నీళ్లు తగిలి కలిపినప్పుడు గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు ప్రోటీన్లు అల్లుకుని సాగే వలలా తయారవుతాయి. అదే గ్లూటెన్. బేకింగ్ పౌడర్ నుంచి వచ్చే గ్యాస్ బుడగలు ఆ వలలో చిక్కుకుని పిండి పొంగుతుంది. తర్వాత వేడికి గుడ్డు గట్టిపడి, పొంగిన రూపాన్ని అలాగే పట్టి ఉంచుతుంది. మనం వలనీ తీసేశాం, పట్టి ఉంచేదాన్నీ తీసేశాం. మిగిలింది స్టార్చ్.

స్టార్చ్‌కి ఒక మంచి గుణం ఉంది. వేడి తగిలితే నీళ్లు పీల్చుకుని ఉబ్బి చిక్కటి జెల్ అవుతుంది, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. గంజి వేడిగా ఉన్నప్పుడు జారుడుగా ఉండి, చల్లారాక తొరకలా పేరుకోవడం మీరు చూసే ఉంటారు. మన కేక్‌ని నిలబెట్టేది ఆ గుణమే. అందుకే ఈ కేక్ సగం ఓవెన్‌లో తయారైతే మిగతా సగం బయట, జాలీ మీద చల్లారేటప్పుడు తయారవుతుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం మూడు కేకులు చెత్తబుట్టకి వెళ్లేవి కావు.

దీనికి తోడు చిన్న చిన్న సాయాలు ఉంటాయి. శాంథన్ గమ్ అనే జిగురు పొడి గానీ ఇసబ్గోల్ గానీ పిండికి జిగురునిచ్చి బుడగల్ని కాసేపు పట్టుకుంటాయి. ఉడికించిన యాపిల్ గుజ్జులో ఉండే పెక్టిన్ తేమని వదలదు. వెనిగర్, సోడా కలిసి గ్యాస్ పుట్టిస్తాయి.

ఒక పిట్టకథ. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్ ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు పడదు, ఈస్ట్ పడదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు, 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇంట్లో ఒకరికి ఏదో పడదని మొదలైన ప్రయత్నం ఈరోజు అందరి వంటింట్లో డబ్బాలో కూర్చుంది. "ఒక్కరి కోసం ఇంత హడావుడి ఎందుకు" అని ఎవరైనా అంటే నేను ఈ కథ చెప్తాను.

సరే, కొలతలు చెప్పండి.

20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్‌కి:

మెత్తటి బియ్యప్పిండి 150 గ్రాములు, బాదం పొడి 60 గ్రాములు, బంగాళదుంప స్టార్చ్ లేదా కార్న్‌ఫ్లోర్ 60 గ్రాములు, చక్కెర 170 గ్రాములు, శాంథన్ గమ్ అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, బేకింగ్ సోడా పావు టీస్పూన్, ఉప్పు పావు టీస్పూన్.

తడి సరుకు: తియ్యదనం లేని బాదం పాలు లేదా సోయా పాలు 220 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, ఉడికించి మెదిపిన యాపిల్ గుజ్జు 120 గ్రాములు, వెనిగర్ లేదా నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్, వెనీలా రెండు టీస్పూన్లు, ఒక నారింజ పైతొక్క తురుము. పండుగ వాసన రావాలంటే దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్, చిటికెడు జాజికాయ.

నారింజ తొక్క తురిమేటప్పుడు రంగున్న పైపొర మాత్రమే తీయండి. కింది తెల్లభాగం చేదు.

చేసే పద్ధతి?

ముందుగా చక్కెరలో శాంథన్ గమ్ కలిపేయండి. దాన్ని నేరుగా తడిలో వేస్తే జిగురు ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక విడవవు. ఇందులో పాలు, నూనె, యాపిల్ గుజ్జు, ఉప్పు, వెనీలా, నారింజ తురుము, దాల్చినచెక్క, జాజికాయ వేసి కలిపి, బియ్యప్పిండి, బాదం పొడి కూడా వేసి బాగా గిలకొట్టండి. మైదా కేక్‌కి "ఎక్కువ కలపకండి, గట్టిపడుతుంది" అంటారు కదా, ఇక్కడ ఆ టెన్షన్ లేదు. గ్లూటెనే లేనప్పుడు సాగేది ఏముంది, ఎంతసేపైనా కలపండి.

ఇప్పుడు గిన్నె మీద మూత పెట్టి అరగంట వదిలేయండి. బియ్యప్పిండి నీళ్లు పీల్చుకోవడానికి టైమ్ కావాలి. ఈ అరగంట మిగిల్చుకుందామని చూస్తే పంటికి ఇసుకలా తగులుతుంది.

ఈలోగా ఓవెన్ 175 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేసి, టిన్‌కి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేసుకోండి. అరగంట అయ్యాక స్టార్చ్, బేకింగ్ పౌడర్, సోడా కలిపి జల్లించి పిండిలో వేసి కలపండి. ఆఖర్న వెనిగర్. అది పడగానే పిండి కొంచెం నురగ కట్టి తెల్లబడుతుంది. గరిటెతో ఎత్తి వదిలితే మందంగా, రిబ్బన్‌లా జారాలి. ఇక ఫోన్ మోగినా ఎత్తొద్దు. వెంటనే టిన్‌లో పోసి ఓవెన్‌లో పెట్టేయండి, ఎందుకంటే ఆ గ్యాస్ మీకోసం ఆగదు.

40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. మొదటి 30 నిమిషాలు తలుపు తెరవొద్దు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి, అయితే ఈ కేక్ విషయంలో పుల్లని పూర్తిగా నమ్మలేం. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చండి, 96 నుంచి 98 డిగ్రీలు చూపిస్తే అయినట్టు. లేకపోతే చెవి దగ్గరగా పెట్టి వినండి, ఉడకని కేక్ లోపల చిటపటమని సన్నగా చప్పుడు చేస్తూ ఉంటుంది. ఆ చప్పుడు దాదాపు ఆగిపోయాక తీయండి.

టిన్‌లోనే 15 నిమిషాలు, తర్వాత జాలీ మీదకి తిరగేసి కనీసం రెండు గంటలు. అప్పటిదాకా కత్తి పట్టుకోవద్దు.

కప్పులతో కొలవకూడదా? తక్కెడ లేదు.

మైదా కేక్ అయితే సరే అనేదాన్ని. ఇక్కడ వద్దు. మెత్తటి బియ్యప్పిండి, బరక బియ్యప్పిండి ఒకే కప్పులో వేరు వేరు బరువు తూగుతాయి. బాదం పొడి నొక్కి పోస్తే ఒకలా, వదులుగా పోస్తే ఒకలా ఉంటుంది. 20 గ్రాముల తేడాకే ఈ కేక్ మొహం మాడ్చుకుంటుంది. చిన్న డిజిటల్ తక్కెడ కొనుక్కోండి, మిగతా వంటకీ పనికొస్తుంది.

బియ్యప్పిండి ఒక్కటే వేస్తే రాదా?

వస్తుంది, కాకపోతే పొడిపొడిగా రాలుతుంది. ఏ పిండైనా ఒక్కటే వేస్తే దాని అవగుణమే పైకి తేలుతుంది. బియ్యప్పిండి ఇసుకలా, శనగపిండి పచ్చివాసనతో, కొబ్బరి పిండి నీళ్లన్నీ తాగేసి ఇటుకలా తయారవుతాయి. మూడింట రెండు వంతులు ధాన్యం పిండి, నట్స్ పొడి, ఒక వంతు స్టార్చ్ అన్నది నేను పట్టుకున్న లెక్క. పై కొలతల్లో స్టార్చ్ అంతకన్నా కొంచెం తక్కువే ఉంది, ఎందుకంటే బియ్యప్పిండిలోనూ స్టార్చ్ బాగానే ఉంటుంది.

బియ్యప్పిండిలో మూడో వంతు తీసేసి జొన్నపిండి వేస్తే రుచి ఇంకా బాగుంటుంది. రాగిపిండితో చాక్లెట్ కేక్‌కి మంచి రంగొస్తుంది. బక్‌వీట్ పేరులో వీట్ ఉంది గానీ అది గోధుమ జాతి కాదు, గ్లూటెన్ ఉండదు. స్పెల్ట్ దానికి ఉల్టా: పేరు చూస్తే కొత్త ధాన్యంలా ఉంటుంది, తీరా చూస్తే గోధుమ జాతే.

గుడ్డు బదులు ఏది మంచిది?

ఈ కేక్‌కి యాపిల్ గుజ్జు. సుమారు 60 గ్రాములు ఒక గుడ్డుకి సరిపోతుంది. అరటిపండు కూడా అంతే పనిచేస్తుంది, కాకపోతే కేక్ మొత్తం అరటిపండు రుచే వస్తుంది. మీకు అది ఇష్టమైతే ఇబ్బంది లేదు.

అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్, నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పది, పదిహేను నిమిషాలు ఉంచితే గుడ్డు తెల్లసొనలా జిగటగా అవుతుంది. బాగా పట్టి ఉంచుతుంది, పైగా ముదురు రంగు కేకులకి కలిసిపోతుంది. లేత రంగు కేక్‌లో మాత్రం గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి.

శనగలు ఉడికించిన నీళ్లని గిలకొడితే గుడ్డు తెల్లసొనలా నురగొస్తుంది. 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ ఈ సంగతి బయటపెట్టాడు, మరుసటి ఏడాది దానికి ఆక్వాఫాబా అని పేరు పడింది. క్రీమ్‌కీ మెరాంగ్ అనే నురగ మిఠాయి‌కీ అద్భుతం. ఈ కేక్‌లో వేసి చూశాను, చేసిన శ్రమకి తగ్గ తేడా కనిపించలేదు.

శాంథన్ గమ్ దొరకలేదు, వెయ్యకపోతే ఏమవుతుంది?

ముక్క చేతిలోకి తీసుకోగానే విరిగిపోతుంది. దాని బదులు ఇసబ్గోల్ పొట్టుని మిక్సీలో పొడిచేసి ఒక టీస్పూన్ వేయండి. నిజం చెప్పాలంటే నాకు ఇసబ్గోలే ఎక్కువ ఇష్టం, రెండో రోజుకి కూడా మెత్తగా ఉంటుంది. శాంథన్ గమ్ పడక కడుపుబ్బరం వచ్చేవాళ్లు కూడా కొందరు ఉంటారు. ఏది వేసినా కొలత దాటొద్దు. ఎక్కువైతే కేక్ తింటున్నట్టు ఉండదు, రబ్బరు నములుతున్నట్టు ఉంటుంది.

కొంచెం నెయ్యి వేస్తే ఏమవుతుంది? తేనె?

రుచి పెరుగుతుంది, వీగన్ కాకుండా పోతుంది. రెండూ వద్దు.

ఓవెన్ లేదు.

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె తీసుకుని లోపల స్టాండ్ పెట్టి, మూత పెట్టి మీడియం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. కేక్ టిన్ లోపల పెట్టి, మంట బాగా తగ్గించి 55 నుంచి 65 నిమిషాలు ఉంచండి. ప్రెషర్ కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తప్పనిసరిగా తీసేయాలి, లోపల నీళ్లు పోయకూడదు. మూత కింద ఆవిరి పేరుకుని కేక్ మీద చుక్కలు పడుతుంటే మూతకి పలచటి శుభ్రమైన గుడ్డ కట్టండి, దాని చివర్లు మంట వైపు వేలాడకుండా పైకి ముడి వేయండి. పైన ఎర్రగా రంగు రాదు, లోపల మాత్రం బ్రహ్మాండంగా ఉడుకుతుంది.

నా కేక్ మధ్యలో కుంగిపోయింది. ఎక్కడ తప్పు చేశాను?

నా మొదటి కేక్ ఓవెన్‌లో గోపురంలా లేచింది. ఇంట్లో వాళ్లని పిలిచి మరీ చూపించాను. బయటికి తీసి పది నిమిషాలు కాకముందే మధ్యభాగం నెమ్మదిగా, నా కళ్లముందే, సాసర్‌లా కిందికి దిగిపోయింది. ఆ గుంటలో జామ్ నింపి "ఇలాగే చేయాలి" అని బుకాయించాను. ఎవరూ నమ్మలేదు.

ఎక్కువసార్లు కారణం ఒక్కటే, లోపల పూర్తిగా ఉడకకపోవడం. స్టార్చ్ గట్టిపడేలోపే బుడగలు చల్లబడి కుంచించుకుపోతాయి. ఇంకో ఐదు, పది నిమిషాలు ఉంచి ఉంటే సరిపోయేది. పైన రంగు ముదురుతోందని భయమేస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. రెండో కారణం బేకింగ్ పౌడర్ ఎక్కువవడం. బాగా పొంగాలని ఇంకో చెంచా వేస్తాం, అది అతివేగంగా పొంగి తన బరువుకి తానే కూలిపోతుంది. మూడోది, వెనిగర్ వేశాక పిండిని పక్కన పెట్టి ఇంకేదో పనికి వెళ్లడం.

కుంగలేదు గానీ లోపల జిగటగా, పిండిముద్దలా ఉందంటే వేడిగా ఉన్నప్పుడే కోసి ఉంటారు. స్టార్చ్ చల్లారాకే గట్టిపడుతుందని పైన చెప్పింది అందుకే. అదే కేక్ ఇంకో రెండు గంటలు ఆగి కోస్తే చక్కగా ముక్క తెగుతుంది. పిల్లల్ని ఆ రెండు గంటలు వంటింట్లోకి రానివ్వకుండా ఆపే ఉపాయం మాత్రం నా దగ్గర లేదు.

సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది.

సీలియాక్ ఉన్న చుట్టం వస్తున్నారు. గోధుమ వేయకపోతే చాలు కదా?

చాలదు. దయచేసి ఈ జవాబు మొత్తం చదవండి.

సీలియాక్ అంటే ఇష్టాయిష్టాల సంగతి కాదు, డైట్ ఫ్యాషన్ అంతకన్నా కాదు. గ్లూటెన్ లోపలికి వెళ్తే వాళ్ల శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు గోడల మీదే దాడి చేస్తుంది. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఇది ఉంటుందని అంచనా, అందులో చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు. గోధుమే దీనికి కారణమని నిలబెట్టి చూపించింది విలెమ్ డిక్కీ అనే డచ్ పిల్లల డాక్టర్, 1950లో తన పరిశోధన పత్రం సమర్పించాడు. గ్లూటెన్‌ని జీవితాంతం మానేయడం తప్ప ఇప్పటికీ దీనికి వేరే వైద్యం లేదు.

ఎంత తక్కువైతే "లేనట్టు"? అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంట్లో దీన్ని కొలవలేం. కానీ రొట్టె తుంపు ఒకటి రాలిపడినా ఆ లెక్క దాటిపోగలదని గుర్తుపెట్టుకుంటే ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

నేను ఏం చేస్తానంటే, ఆ రోజు వంటింట్లో మొదటి పని ఈ కేకే. గోధుమపిండి డబ్బా మూత తెరవకముందే ఇది ఓవెన్‌లోంచి దిగి, చల్లారి, డబ్బాలోకి వెళ్లిపోవాలి. గోధుమపిండి జల్లిస్తే ఆ పొడి గాలిలో చాలాసేపు తేలుతూ ఎక్కడెక్కడో వాలుతుంది. గట్టు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఉతకడానికి వేసి, కొత్తది తీసుకుంటాను.

జల్లెడ వేరేది కొన్నాను. ఎంత కడిగినా వైరు సందుల్లో పిండి ఉండిపోతుంది. చెక్క గరిటె, గీతలు పడ్డ నాన్‌స్టిక్ టిన్ కూడా అంతే, వాటి జోలికి వెళ్లను. స్టీలు, గాజు సామాను అయితే శుభ్రంగా కడిగితే చాలు. వెన్న రాసిన కత్తి ముంచిన జామ్ సీసాలో రొట్టె తుంపులు ఉంటాయి కాబట్టి కొత్త సీసా తెరుస్తాను.

ఒకసారి మా చుట్టం ఒకావిడ కేక్ ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, "అమ్మాయ్, జల్లెడ ఏది వాడావు?" అని అడిగారు. నా మొహం చూసి ఆవిడే ముక్క పక్కన పెట్టేసి, "పర్లేదులే, కాఫీ ఇవ్వు" అన్నారు. బియ్యప్పిండి సంగతి, స్టార్చ్ సంగతి అంతా చూసుకున్నాను. జల్లెడ సంగతి తట్టలేదు.

ఇంకొకటి, గోధుమ ఆడించిన మరలోనే బియ్యం ఆడించుకుని తెచ్చిన పిండి సీలియాక్ ఉన్నవాళ్లకి పనికిరాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ప్యాకెట్ వాడండి, లేదా ఇంట్లో మిక్సీని బాగా కడిగి అందులో పట్టుకుని, గోధుమ తగలని సన్న జల్లెడలో రెండుసార్లు జల్లించండి.

ఇంత జాగ్రత్త మీ ఇంట్లో కుదరకపోతే ఆ మాట ముందే చెప్పేయండి. "గోధుమ వేయలేదు, కానీ మా వంటింట్లో గోధుమపిండి వాడతాం" అంటే వాళ్లు తినాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. దానికి ఎవరూ నొచ్చుకోరు.

ప్యాకెట్ల మీద ఏం చూడాలి?

ఒకసారి ముందు భాగంలో పెద్ద అక్షరాలతో "గ్లూటెన్ ఫ్రీ" అని ఉన్న కేక్ మిక్స్ కొని, వీగన్ అని కూడా నమ్మి చేసేశాను. వెనక వైపు, మడత కింద, పాలపొడి అని ఉంది. అప్పటినుంచి ముందు వైపు చూడటం మానేశాను.

గ్లూటెన్ దాక్కునే చోట్లు: మాల్ట్ అని ఉంటే సాధారణంగా బార్లీయే, మాల్ట్ వెనిగర్‌తో సహా. బేకింగ్ పౌడర్‌లో స్టార్చ్ కలుపుతారు, అది సాధారణంగా మొక్కజొన్నదే, అయినా చూడండి. ఎండుపండ్లు అంటుకోకుండా ఒక్కోసారి పిండి చల్లుతారు. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ ఉండదు గానీ పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోతుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ కూడా సీలియాక్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి పడవు. ఓట్స్ పాలకీ ఇదే వర్తిస్తుంది.

పాలు, జంతు సంబంధమైనవి దాక్కునే చోట్లు: మార్గరిన్‌లో వే అనో కేసిన్ అనో ఉంటే పాలే. డార్క్ చాక్లెట్‌లో పాల కొవ్వు ఉండొచ్చు. ఎర్ర రంగులో E120 అని ఉంటే అది పురుగుల నుంచి తీసిన కార్మైన్. కేక్ మీద చల్లే మెరిసే పూసల్లో E904 అంటే లక్క. చక్కెరని కొన్ని దేశాల్లో ఎముకల బొగ్గుతో శుద్ధి చేస్తారు కాబట్టి కొందరు వీగన్లు దాని గురించి కూడా అడుగుతారు.

ఇది ఏ మతం పండుగకైనా పనికొస్తుందా?

చాలావాటికి. కానీ ఉపవాస నియమాలకి వీగన్ నియమాలకి పూర్తిగా పొంతన ఉండదు, ఆ తేడాల దగ్గరే మనం దొరికిపోతాం.

ఆర్థడాక్స్ క్రైస్తవులు పెద్ద ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాల పదార్థాలు మానేస్తారు, అక్కడిదాకా మన కేక్ సరిగ్గా సరిపోతుంది. కానీ కఠినంగా పాటించేవాళ్లు కొన్ని రోజులు నూనె కూడా వాడరు. యూదుల పాస్‌ఓవర్‌లో పులియని మాట్జా రొట్టె తప్ప, గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్‌తో చేసినవి నిషిద్ధం. వీటిలో ఏదీ మన కేక్‌లో లేదు, అయినా మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ సంప్రదాయంలో చాలామంది ఆ రోజుల్లో బియ్యం, మొక్కజొన్న కూడా తినరు. వాళ్లకి బాదం పొడి, బంగాళదుంప స్టార్చ్‌తో వేరే కేక్ చేయాలి, బేకింగ్ పౌడర్ కూడా పాస్‌ఓవర్‌కి సరిపడేదే తేవాలి. జైనులు దుంపలు తినరు, వాళ్లు వస్తే బంగాళదుంప స్టార్చ్ బదులు కార్న్‌ఫ్లోర్. ముస్లింలు వస్తే వెనీలా ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ ఉంటుందని గుర్తుపెట్టుకుని వెనీలా పొడి వాడండి, ఎండుపండ్లు రమ్‌లో కాకుండా నారింజ రసంలో నానబెట్టండి.

ఒకే మతంలో కూడా ఇంటికో పద్ధతి ఉంటుంది. వారం ముందు ఒక ఫోన్ చేసి అడగడం అన్నిటికన్నా తేలిక.

బాదం పడనివాళ్లు ఉంటే?

బాదం పొడి తీసేసి అంతే బరువు పొద్దుతిరుగుడు గింజల పొడి వేయండి. సోడాతో కలిసి ఆ పొడి ఒక్కోసారి లోపల ఆకుపచ్చగా మారుతుంది, భయపడొద్దు, పాడైనట్టు కాదు. వెనిగర్ ఒక టీస్పూన్ పెంచితే ఆ రంగు తగ్గుతుంది. పాలు కూడా బాదంవి కాకుండా సోయావి వాడాలన్నది మర్చిపోకండి.

చాక్లెట్ రుచి, ఎండుపండ్లు?

చాక్లెట్‌కి బియ్యప్పిండి 30 గ్రాములు తగ్గించి కోకో పొడి 30 గ్రాములు వేయండి, పాలు రెండు టేబుల్ స్పూన్లు పెంచండి. ఎండుపండ్లు 100 గ్రాములు మించొద్దు. సన్నగా తరిగి ఒక చెంచా స్టార్చ్‌లో దొర్లించి వేయండి, లేకపోతే అన్నీ అడుక్కి చేరతాయి.

పైన క్రీమ్ ఎలా?

కొబ్బరి పాల డబ్బా రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన గట్టి మీగడ పేరుకుంటుంది. అది తీసి రెండు, మూడు చెంచాల ఐసింగ్ షుగర్ వేసి గిలకొట్టండి. వేడి ప్రదేశంలో త్వరగా కరిగిపోతుంది కాబట్టి తినే ముందే రాయాలి. నేనైతే ఐసింగ్ షుగర్‌లో నిమ్మరసం చుక్కలు చుక్కలుగా కలిపి, చిక్కగా జారేలా చేసి పైన పోసేస్తాను. అంచుల నుంచి తెల్లటి ధారలు కారుతుంటే అదే అలంకరణ.

ముందు రోజు చేసి పెట్టుకోవచ్చా?

చేయొచ్చు, చేయడమే మంచిది. యాపిల్, నారింజ వాసన రెండో రోజుకి బాగా పడుతుంది. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో బయటే పెట్టండి. ఫ్రిజ్ వద్దు, స్టార్చ్ ఆ చల్లదనంలో ఇంకా వేగంగా గట్టిపడి కేక్ ఎండిపోయినట్టు అవుతుంది. బాగా వేడి, ఉక్క ఉండే రోజుల్లో ఒకరోజు మించి బయట ఉంచొద్దు.

ఎక్కువ రోజులకైతే ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగుంటాయి. తీసిన ముక్కని మైక్రోవేవ్‌లో 20 సెకన్లు వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది.

ఇది మామూలు కేక్ కన్నా ఆరోగ్యమా?

170 గ్రాముల చక్కెర వేశాం కదా. కేక్ కేకే.

అదే టేబుల్ మీద మామూలు కేక్ కూడా ఉంది. పక్కపక్కనే పెట్టొచ్చా?

వద్దు. పొద్దున్నుంచీ పడ్డ జాగ్రత్తంతా ఇక్కడే ఒక్క నిమిషంలో పోతుంది. మైదా కేక్ కోసిన కత్తితోనే ఎవరో ఒకరు ఇదీ కోస్తారు, వాళ్లకి ఆ ఆలోచనే రాదు. ఈ కేక్‌కి వేరే టేబుల్, వేరే కత్తి పెట్టండి. ముందు దీన్నే కోసి, గోధుమ పడనివాళ్ల ముక్కలు, రెండోసారి వేసుకునే ముక్కలతో సహా, మూతున్న డబ్బాలో పక్కకి తీసి పెట్టేయండి. తర్వాత మిగతాది అందరికీ వదిలేయొచ్చు.

మేము ఆ కత్తి పిడికి ఎర్ర దారం కడతాం. ఇప్పుడు పిల్లలకి కూడా తెలుసు, ఎర్ర దారం కత్తి ముట్టుకుంటే అరుపులు వినిపిస్తాయని. ఆ జల్లెడ అడిగిన చుట్టమే పోయిన పండుగకి వచ్చి, ముందు కత్తి వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ముక్క తీసుకున్నారు.